కొత్త ఇంటి పనికి సరే అనేముందు

సొంతంగా ఇంటీరియర్ డిజైన్ చేసేవాళ్లు అడ్వాన్స్ అందుకోకముందే ఇవి చూసుకోవాలి.

• ఆ ఇంట్లో చివరి మాట ఎవరిదో మొదటి మీటింగ్‌లోనే కనిపెట్టండి. ఒకరు ఓకే చేసిన వంటగదిని ఇంకొకరు వచ్చి మార్చమంటే ఆ టెన్షన్ మొత్తం మీకే.

• బడ్జెట్ అడగడానికి మొహమాటం వద్దు.

• కొలతలు మీరే తీసుకోండి. ప్లాన్‌లో ఉన్న అంకెలు నమ్మి కప్‌బోర్డులు చేయిస్తే చిక్కే, ప్లాస్టరింగ్ మందానికే కొలత మారిపోతుంది. గోడ పొడవును కింద, మధ్యలో, పైన మూడుచోట్లా కొలిచి, తక్కువ వచ్చినదాన్నే లెక్కలోకి తీసుకోండి. గదిలో ఎదురెదురు మూలల మధ్య దూరాలు రెండూ సమానంగా లేకపోతే మూలమట్టం తప్పినట్టే, అంటే మూలలు సరిగ్గా 90 డిగ్రీలు లేనట్టు. లిఫ్టు తలుపు, మెట్ల మలుపు కూడా కొలవండి. సోఫా పైకి రాకపోతే అడిగేది మిమ్మల్నే.

• ఒప్పందంలో చేసే పనులతో పాటు చేయనివి కూడా రాయండి. ఎన్ని మార్పులు ఉచితమో, ఆపై ఎంత తీసుకుంటారో అందులోనే ఉండాలి. ఫోన్‌లో చెప్పిన మార్పును ఆ రోజే మెసేజ్‌గా పంపి, అవతలి నుంచి ‘సరే’ వచ్చాకే వడ్రంగికి చెప్పండి.

• లామినేట్, రంగుల శాంపిళ్లను ఆ గదిలోనే పగటి వెలుతురులో ఒకసారి, లైట్ల కింద ఒకసారి చూపించి, వాటి వెనక సంతకం తీసుకోండి. త్రీడీ బొమ్మలోని రంగే వస్తుందని మాత్రం మాటివ్వకండి.

• మెటీరియల్ డబ్బు, మీ ఫీజు కలపొద్దు. షాపు నుంచి కమిషన్ వస్తుంటే ముందే చెప్పేయండి.

• అపార్ట్‌మెంట్ అయితే డ్రిల్లింగ్‌కు ఏ వేళలు ఒప్పుకుంటారో అడిగాకే గడువు తేదీ చెప్పండి.