చదవడం కష్టమయ్యే అవకాశమున్న పిల్లలకు ఇంట్లో కథలు చదివి వినిపించడం ఎలా?

మా తమ్ముడు ఐదో తరగతిలో కూడా కూడబలుక్కునే చదివేవాడు. నోటి లెక్కల్లో మాత్రం వాడిని ఎవరూ అందుకోలేకపోయేవారు. అప్పట్లో దానికి పెట్టిన పేరు బద్ధకం. ఇప్పుడు వాడికి నాలుగేళ్ల కూతురు. "అన్నయ్యా, దీనికీ నాలాగే అవుతుందా?" అని మొన్న ఫోన్లో అడిగాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

డిస్లెక్సియా, అంటే అక్షరాలు చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది, చాలావరకు కుటుంబంలో వచ్చేదే. అమ్మకో నాన్నకో ఉంటే పిల్లల్లో దాదాపు మూడో వంతు నుంచి సగం మంది దాకా కనిపిస్తుంది. అంటే రాని పిల్లలే ఎక్కువ. తెలివితేటలకూ దీనికీ సంబంధం లేదు. మాటలోని శబ్దాలను విడదీసి పట్టుకోవడంలో వచ్చే చిక్కు ఇది. రోజూ కథ చదివినంత మాత్రాన అది రాకుండా పోతుందని నేను చెప్పను. కథల వల్ల మాటలు, వాక్యాలు, ఊహ బలపడతాయి. శబ్దాల పని వేరుగా చేయాలి. రెండూ కావాలి.

1. రోజూ పది నిమిషాలు, ఒకే వేళకు

పడుకునే ముందైతే మంచిది. బొమ్మలు పెద్దగా, అక్షరాలు తక్కువగా ఉన్న పుస్తకం తీసుకోండి. నేషనల్ బుక్ ట్రస్ట్ తెలుగు పుస్తకాలు చవకగానే దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితం. అదే పుస్తకం మళ్లీ మళ్లీ అడిగితే విసుక్కోకండి, మాటలు నిలిచేది అలాగే.

2. మీరు తక్కువ, పాప ఎక్కువ మాట్లాడాలి

కథ చదువుతూ "ఇదేంటి?" దగ్గరే ఆగిపోకండి. "ఎందుకు పారిపోయింది?", "ఇప్పుడేమవుతుంది?" అని అడిగి, మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టేదాకా ఊరుకోండి. "కుక్క పోయింది" అంటే "అవును, నల్ల కుక్క గోడ దూకి పారిపోయింది" అని పెంచి చెప్పండి. తప్పు దిద్దినట్టు ఉండకూడదు. అమ్మమ్మ ఇంట్లో ఉంటే ఈ పని ఆవిడకు అప్పగించండి, మనకన్నా బాగా చేస్తుంది.

3. శబ్దాలతో ఆట (అసలు పని ఇక్కడే)

ఫిన్లాండ్‌లోని యువాస్కులా విశ్వవిద్యాలయం వాళ్లు 1990లలో మొదలుపెట్టి, దాదాపు 200 మంది పిల్లలను పుట్టినప్పటి నుంచి గమనించారు. వాళ్లలో సగం మంది ఇళ్లలో డిస్లెక్సియా ఉంది. 'అత', 'అత్త' లాంటి శబ్దాలు వినిపిస్తే, ఆ ఇళ్ల పిల్లల మెదడు స్పందన ఆరు నెలల వయసుకే మిగతావాళ్లకన్నా వేరుగా ఉంది. ఫిన్నిష్‌లాగే మనకూ పొల్లు, దీర్ఘం, ద్విత్వం మారితే మాటే మారిపోతుంది. గడి వేరు, గడ్డి వేరు. పడు వేరు, పాడు వేరు. అందుకే ఇలాంటి జంటలు పలికి "ఒకటేనా, వేరువేరా?" అని అడగండి.

మొదట చప్పట్లు. మా-మి-డి-పం-డు, ఐదు చప్పట్లు. తర్వాత పాట, మాట, బాట అంటూ ప్రాస కలపడం. అది వచ్చాక "చిలకలోంచి 'చి' తీసేస్తే?" "లక!" (పాప పడి పడి నవ్వుతుంది, నవ్వనివ్వండి.) చివరగా గుణింతం లోపలి శబ్దం: కా, కి, కు అన్నిటిలో ముందు వినిపించేది ఒకటే అని పట్టుకోవాలి. మన లిపిలో అక్షరం ఒక ముద్దలా ఉంటుంది కాబట్టి ఈ చివరి మెట్టు ఆలస్యంగా వస్తుంది, తొందరపెట్టకండి. పుస్తకం అక్కర్లేదు. బస్సులో, వంటింట్లో, స్నానాల గదిలో ఎక్కడైనా ఆడొచ్చు.

4. అక్షరాలు కొద్దికొద్దిగా

'అ' నుంచి 'ఱ' దాకా బట్టీ పట్టించే టెన్షన్ వద్దు. తన పేరులోని అక్షరాలతో మొదలుపెట్టండి. అక్షరాభ్యాసం నాడు చేసినట్టే పళ్లెంలో బియ్యం పోసి, శబ్దం పలుకుతూ వేలితో దిద్దించండి. మ-య, వ-ప, థ-ధ లాంటి పోలికలున్నవి ఒకే వారంలో నేర్పకండి. వత్తులు బాగా తర్వాత.

5. ఇంటి భాష వదలకండి

ఇంగ్లిష్ మీడియంలో వేయగానే ఇంట్లో తెలుగు మానేసేవాళ్లున్నారు, అమెరికాలో మరీ ఎక్కువ. రెండు భాషల వల్ల డిస్లెక్సియా రాదు. మీకు బాగా వచ్చిన భాషలోనే మీ కథ రక్తి కడుతుంది.

6. ఎప్పుడు చూపించాలి?

మాటలు ఆలస్యమైనా, ఐదేళ్లొచ్చినా ప్రాస పట్టుకోలేకపోయినా, రోజూ చూసే అక్షరాల పేర్లు గుర్తు పెట్టుకోలేకపోయినా ముందు చెవి పరీక్ష చేయించండి. ఆ తర్వాత స్పీచ్ థెరపిస్టును, పిల్లల సైకాలజిస్టును కలవండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో డిస్లెక్సియా కూడా ఉంది కాబట్టి బడిలో సాయం అడగడం మీ హక్కు. వెళ్లేటప్పుడు ఒక చిన్న నోటుబుక్ పట్టుకెళ్లండి. మొదటి మాట ఏ వయసులో వచ్చింది, ఏ ఆట ఆడగలదు, ఏది ఎన్నిసార్లు చెప్పినా రాలేదు, ఇంట్లో ఇంకెవరికి ఇలా ఉండేది అన్నీ అందులో రాసుకోండి. మా తమ్ముడు మొదటి పేజీలో తన పేరే రాశాడు.