కుట్టుపనికి ఇస్త్రీ పెట్టె, మార్కింగ్ సుద్ద ఎలా ఎంచుకోవాలి?

ఇంట్లో జాకెట్టు కుట్టుకునేవాళ్లు ఈ రెండింటినీ వేర్వేరు వస్తువులుగా చూడకూడదు. గుడ్డ మీద గీసిన గీత మీదే తర్వాత ఇస్త్రీ పెట్టె ఆనిస్తాం. ఆ వేడికి గీత పోతుందా, అక్కడే పాతుకుపోతుందా అన్నది ముందే తెలియాలి.

మొదట ఇస్త్రీ పెట్టె. నా ఓటు కాస్త బరువున్న, ముక్కు సన్నగా ఉన్న 1000 వాట్ల డ్రై ఐరన్‌కే (ఆవిరి రాని మామూలు ఇస్త్రీ పెట్టె). కుట్టుపనిలో పెట్టెను అటూ ఇటూ లాగం, ఎత్తి పెట్టి నొక్కుతాం. లాగితే ఏటవాలుగా కత్తిరించిన మెడ సాగిపోతుంది. నొక్కడానికి బరువు, టక్స్ (ఒంటికి సరిపోయేలా మడిచి కుట్టే మడతలు) మొన దాకా వెళ్లడానికి ముక్కు పనికొస్తాయి. ఐఎస్ఐ గుర్తు చూడండి. డయల్ మీద ఒక చుక్క సింథటిక్‌కు, రెండు పట్టుకు, మూడు నూలుకు. ఆవిరి కావాలంటే తడిపి పిండిన పలుచని నూలు గుడ్డను పైన పరిచి నొక్కితే సరిపోతుంది.

స్టీమ్ ఐరనే కావాలంటే ముందు గోడ మీద ప్లగ్గు చూసుకోండి. 2000 వాట్లది దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు ఉండాల్సిందే. అందులో బోరు నీళ్లు పోయకండి, లోపల ఉప్పు పేరుకుని రంధ్రాలు మూసుకుపోతాయి.

ఇక గుర్తులు. విశాఖలో పూర్ణా మార్కెట్ వైపు వెళ్లినప్పుడు మట్టి సుద్ద అడిగి తీసుకోండి. దులిపితే పోతుంది. మైనం కలిసిన సుద్ద గీత బాగా పడుతుంది గానీ, ఇస్త్రీ తగిలితే కరిగి పట్టు మీద నూనె మరకలా మిగిలిపోవచ్చు. ముదురు రంగు నూలు గుడ్డకు అరిగిపోయిన తెల్ల సబ్బు ముక్కను మించింది లేదు, ఉతికితే పోతుంది.

పెన్నుల దగ్గరే అసలు జాగ్రత్త కావాలి. నీళ్లతో పోయే నీలం పెన్ను గీతను తడిపి తీసేశాకే ఇస్త్రీ చేయాలి, లేదంటే వేడికి ముదిరి వదలదు. గాలికి మాయమయ్యే ఊదా పెన్ను తేమలో ఇంకా త్వరగా పోతుంది. సముద్రం పక్కనున్న మన విశాఖలో రాత్రి గీసి పొద్దున కత్తిరిద్దామంటే గీతే ఉండదు, కుట్టే ముందే గీసుకోండి. వేడికి చెరిగే పెన్ను గీత సుమారు 60 డిగ్రీల దగ్గర మాయమవుతుంది గానీ, గట్టి చలిలో మళ్లీ తేలుతుంది. మన ఊళ్లో భయం లేదు. అమెరికాలో ఉన్న అమ్మాయికి పంపే జాకెట్టు మీద మాత్రం వాడొద్దు.

కత్తెర పట్టే ముందు అదే గుడ్డ ముక్క మీద గీసి, సగం భాగం ఇస్త్రీ చేసి, ఉతికి ఆరబెట్టి చూడండి. పొందూరు ఖద్దరైనా, పట్టయినా గీత పూర్తిగా పోతేనే ఆ సుద్దతో, ఆ వేడితో పని మొదలుపెట్టండి.