కాళ్లు ఆడిస్తున్నా బోర్డు కదలడం లేదా? ఫిన్స్, ప్యాడ్లింగ్: సమస్య - పరిష్కారం

బాడీబోర్డ్ మీద బోర్లా పడుకుని గానీ, నీబోర్డ్ మీద మోకాళ్లు వేసుకుని గానీ అలలు పట్టేవాళ్లకి కాళ్లే ఇంజిన్. బోర్డు మందకొడిగా వెళ్తుంటే చాలామంది వెంటనే ఇంకా పొడుగ్గా, ఇంకా గట్టిగా ఉండే ఫిన్స్ (పాదాలకి తొడుక్కునే రబ్బరు రెక్కలు) కొంటారు. కొనే ముందు బోర్డు మీద ఎక్కడ పడుకుంటున్నారో ఒకసారి చూసుకోండి. చాలా బాధలు అక్కడే తీరిపోతాయి.

సమస్య: గట్టిగా తంతున్నా బోర్డు కదలదు

ముందు చప్పుడు వినండి. ప్రతి తన్నుకీ టపటపమని నీళ్లు ఎగిరిపడుతుంటే ఫిన్ గాల్లోకి లేస్తోందని అర్థం. గాలిని తన్నితే బోర్డు ముందుకు పోదు, ఊపిరి మాత్రం అయిపోతుంది.

దీనికి అసలు కారణం తరచుగా బోర్డు మీద మరీ ముందుకు పాకి పడుకోవడం. అప్పుడు తొడలు కూడా బోర్డు మీదికి వచ్చేస్తాయి, కాళ్లు పైకి లేస్తాయి, బోర్డు ముక్కు నీళ్లలో దిగబడుతుంది. మరీ వెనక్కి జారితే ఇంకో తంటా. ముక్కు ఆకాశం చూస్తుంది, బోర్డు అడుగుభాగం నీటిని తోసుకుంటూ నడుస్తుంది.

పొత్తికడుపు బోర్డు తోక మీద ఉండాలి, తుంటి నుంచి కిందిదంతా నీళ్లలో ఉండాలి, ముక్కు నీటి మట్టానికి ఒకటి రెండు అంగుళాలు పైన ఉండాలి. అలలు లేని చోట కాస్త ముందుకీ వెనక్కీ జరుగుతూ తన్ని చూడండి. సరైన చోటు దొరికిన క్షణమే బోర్డు తేలికవుతుంది, ముక్కు దగ్గర నీళ్లు చీలే చప్పుడు మారుతుంది.

తన్ను తుంటి దగ్గర మొదలవ్వాలి. మోకాలు కొద్దిగా వంగాలి, చీలమండ వదులుగా ఉండాలి. సైకిల్ తొక్కినట్టు మోకాళ్లు మడిచి తొక్కితే తొడలు నీటికి అడ్డుపడి బ్రేకు వేస్తాయి. వేగం కోసం తొందరపడకండి. లోతుగా, ఒకే లయలో తన్నండి.

బోర్డు సైజు కూడా చూడండి. నిలబెడితే బాడీబోర్డ్ పైఅంచు దాదాపు బొడ్డు దాకా రావాలి. మరీ చిన్నదైతే మీ బరువుకి మునుగుతుంది, ఎంత మంచి ఫిన్స్ ఉన్నా ఈడ్చుకుంటూ పోవాల్సిందే.

సమస్య: పది నిమిషాలకే పిక్కలు పట్టేస్తున్నాయి

ఫిన్ మీ కాలికి మించి గట్టిగా ఉండొచ్చు. పాదం పట్టే భాగం బిగుతై, కాలివేళ్లు ముడుచుకుని ఉన్నా ఇదే జరుగుతుంది. స్కూబా షాపులో దొరికే పొడుగాటి ఫిన్స్ వేసుకొచ్చినవాళ్లకి ఈ బాధ ఇంకా ఎక్కువ. అవి నీటి అడుగున నెమ్మదిగా, నిలకడగా ఈదడానికి చేసినవి. అల కోసం ఒక్కసారిగా వేగం అందుకోవాలంటే పొట్టి ఫిన్సే నయం.

కొత్తవాళ్లు మెత్తని లేదా మధ్యరకం రబ్బరుతో మొదలుపెట్టండి. ఇక్కడ ఒక విషయం గమనించాలి. చల్లటి నీటిలో రబ్బరు బిగుసుకుంటుంది, వెచ్చటి నీటిలో మెత్తబడుతుంది. కాలిఫోర్నియా వాళ్లు "మరీ గట్టిది" అని రాసిన ఫిన్ విశాఖ నీటిలో కాస్త మెత్తగానే అనిపించొచ్చు. రివ్యూ చదివేటప్పుడు అది ఏ సముద్రం నుంచి వచ్చిందో కూడా చూడండి.

నీళ్లలో ఉండగానే పిక్క పట్టేస్తే కంగారు పడొద్దు. బోర్డుని ఒక చంక కింద పెట్టుకుని, రెండో చేత్తో ఫిన్ చివర పట్టుకుని, మోకాలు చాపుతూ ఫిన్‌ని మీ వైపు మెల్లగా లాగండి. పట్టు వదిలాక నేరుగా ఒడ్డుకు రండి, ఆ రోజుకి చాలు.

సమస్య: ఫిన్ జారిపోతోంది, లేదా కాలు ఒరుసుకుపోతోంది

రెండింటికీ ముందు చూడాల్సింది సైజు. ఫిన్స్ మీద ఎక్కువగా అమెరికన్ నంబర్లుంటాయి, మన బూట్ల మీద యూకే నంబర్లు. మగవాళ్ల యూకే 8 అంటే అమెరికన్ 9 దగ్గరకొస్తుంది. ఆడవాళ్ల అమెరికన్ నంబర్ల లెక్క మళ్లీ వేరు. అందుకే పాదం పొడవు సెంటీమీటర్లలో కొలిచి కంపెనీ చార్టుతో పోల్చుకోవడం ఉత్తమం.

షాపులో పొడి కాలికి పట్టినంత మాత్రాన సంబరపడొద్దు. నీళ్లలో రబ్బరు జారుతుంది. వీలైతే పాదం తడిపి వేసుకుని, కాలు ఎత్తి గట్టిగా విదిలించండి. మడమ లోపల కదలకూడదు, వేళ్లు తిమ్మిరెక్కకూడదు. పాదం వెడల్పుగా ఉన్నవాళ్లు సైజు పెంచేముందు ఇంకో కంపెనీ మోడల్ వేసి చూడాలి, ఎందుకంటే పాదం పట్టే భాగం ఆకారం కంపెనీని బట్టి మారుతుంది.

ఒరుసుకుపోవడానికి సగం దోషం ఇసుకది. మోకాలి లోతు నీళ్లలోకి వెళ్లి, పాదాలు కడుక్కుని, అక్కడ తొడుక్కోండి. తర్వాత అలల వైపు వీపు పెట్టి వెనక్కి నడవండి, ముందుకు నడిస్తే ఫిన్ చివర ఇసుకలో గుచ్చుకుని పడిపోతారు. అడుగు వేసే ముందు మాత్రం భుజం మీదుగా అల చూసుకోవాలి. పలచటి సాక్స్ వేస్తే ఒరుపు తగ్గుతుంది, అయితే సైజు కూడా ఆ సాక్స్‌తోనే చూసుకోండి. ఫిన్‌ని చీలమండకి కట్టే తాడు తప్పకుండా కొనండి. కొన్ని ఫిన్స్ నీళ్లలో మునిగిపోతాయి.

సమస్య: అల కిందినుంచి వెళ్లిపోతోంది, అందడం లేదు

తన్నడం ఆలస్యంగా మొదలవుతోంది. అల తోకని ఎత్తాక మొదలుపెడితే అప్పటికే సమయం దాటిపోయింది. అల నాలుగైదు మీటర్ల దూరంలో ఉండగానే ఒడ్డు వైపు తిరిగి తన్నడం మొదలుపెట్టండి. ఒక చెయ్యి బోర్డు ముక్కు మీద, రెండోది నీళ్లు లాగడానికి. తోక లేచిన క్షణాన ఛాతీ బరువు ముందుకు వేసి ముక్కుని కిందికి నొక్కండి. అల పట్టుకుందని తెలియగానే కాస్త వెనక్కి జరగండి, లేకపోతే ముక్కు గుచ్చుకుంటుంది.

సమస్య: నీబోర్డ్ మీద మోకాళ్లు వేయబోతే ఫిన్స్ అడ్డం పడుతున్నాయి

నీబోర్డ్‌కి ఫిన్స్ ఎంత ముఖ్యమో కాలిఫోర్నియా నీబోర్డర్ జార్జ్ గ్రీనోని చూస్తే తెలుస్తుంది. 1960లలో ఆయన వాడిన స్పూన్ బోర్డు (చెంచాలా మధ్యలో గుంటగా ఉండే బోర్డు) తేలీ తేలనట్టుండేది. అలాంటి బోర్డు మీద అల అందుకోవాలంటే కాళ్లే దిక్కు. కానీ మోకాళ్లు వేశాక పాదాల పైభాగం బోర్డుకి ఆనుతుంది, ఫిన్స్ తోక దాటి వెనక వేలాడతాయి. పొడుగాటి, గట్టి ఫిన్ అయితే నీళ్లలో గుచ్చుకుని లాగేస్తుంది. పొట్టిగా, వంగే రకం తీసుకోండి.

రెండో కారణం మోకాళ్లని ఒకటి తర్వాత ఒకటి లాగడం. చివరి రెండు బారలు బలంగా లాగి, బోర్డు జారడం మొదలయ్యాక రెండు అంచులూ పట్టుకుని, రెండు మోకాళ్లూ ఒకేసారి తెచ్చుకోండి. ఇంట్లో పరుపు మీద ఫిన్స్ వేసుకుని ఈ కదలిక సాధన చేయొచ్చు.

సమస్య: పొడవాటి ప్యాడిల్‌బోర్డ్ మీద మోకాళ్లపై కూర్చుంటే కాళ్లు తిమ్మిరి, నడుము నొప్పి

ఇక్కడ ఫిన్స్ ఉండవు, పనంతా చేతులది. మోకాళ్లు తుంటి వెడల్పులో ఉంచి, మెత్తటి ప్యాడ్ వేసుకుని, రెండు చేతులూ కలిపి నీళ్లు లాగండి. నడుము గుండ్రంగా వంచితే నొప్పి తప్పదు, తుంటి దగ్గర వంగండి. తిమ్మిరెక్కేదాకా ఆగకుండా మధ్యమధ్యలో బోర్లా పడుకుని ప్యాడిల్ చేయండి. 1955లో మొదలైన కాలిఫోర్నియా ప్యాడిల్‌బోర్డ్ పందెం కాటలీనా క్లాసిక్‌లో 32 మైళ్లు చేతులతోనే లాగేవాళ్లు కూడా ఇలా మార్చుకుంటూనే వెళ్తారు.

సమస్య: ఎంత తన్నినా ఒడ్డు దగ్గరవడం లేదు

మీరు రిప్ కరెంట్‌లో, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి లాగేసే ప్రవాహంలో ఉండొచ్చు. విశాఖ ఆర్‌కే బీచ్ లాంటి చోట్ల ఈ ప్రమాదం గురించి స్థానికులకి బాగా తెలుసు. ఫిన్స్ ఉన్నాయి కదా అని ఎదురీదకండి. బోర్డు వదలకండి, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి తన్నండి, అలలు విరుగుతూ నురుగు ఒడ్డుకి పోతున్న చోటు చేరాక తిరగండి. అలసిపోతే బోర్డు మీద పడుకుని చెయ్యి ఎత్తి ఊపుతూ సాయం అడగండి. మొదటి రోజుల్లో ఆ తీరం తెలిసినవాళ్లు పక్కన లేకుండా దిగొద్దు.