కోటలో పెళ్లి అలంకరణ – 4వ పాఠం: పెద్ద దర్బారులో దగ్గరితనం

గత పాఠంలోని అభ్యాసం పూర్తి చేసినవారి చేతిలో ఇప్పుడు ఒక దర్బారు హాలు పొడవు, వెడల్పు, ఎత్తు, తలుపులు, కరెంటు పాయింట్లు గుర్తించిన కాగితం ఉండాలి. ఈ రోజు పాఠమంతా ఆ కాగితం మీదే సాగుతుంది కనుక దానిని, ఒక పెన్సిలును దగ్గర పెట్టుకోండి.

హైదరాబాదులో ఈ పని నేర్చుకునేవారు అదృష్టవంతులు. నవాబ్ వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేయించగా, తరువాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చి, 2010 నుంచి హోటలుగా నడుస్తున్న ఫలక్‌నుమా ప్యాలెస్ మన ఊళ్లోనే ఉంది. అక్కడి భోజనశాలలో ఒకే బల్ల చుట్టూ 101 మంది కూర్చోవచ్చు. నిజాముల చౌమహల్లా ప్యాలెస్‌లోని ఖిల్వత్ దర్బారులో 19 షాండ్లియర్లు వేలాడుతుంటాయి. ఇంత వైభవాన్ని కట్టినవారే అక్కడ ఉంచి వెళ్లారు కనుక, దానికి పోటీగా మరింత వైభవాన్ని లారీలలో దించడం డబ్బు దండగ. అలంకరించేవారు చూసుకోవలసింది ఒక్కటే: వచ్చినవారు 120 మంది అనుకుంటే, వారిలో ప్రతి ఒక్కరూ వధూవరుల ముఖాలను తమ ఇంటి పెరట్లో చూసినంత దగ్గరగా చూడగలగాలి.

అందుకే మొదట కుర్చీలు వేయాలి, మండపం సంగతి ఆ తరువాత. సాధారణంగా మండపం ఎదుట వరుసకు 12 చొప్పున 10 వరుసలు వేస్తారు. మొదటి వరుస 10 అడుగుల దూరంలో మొదలై, వరుసకూ వరుసకూ 3 అడుగులు వదిలితే, చివరి వరుసలోని పెద్దమ్మ 37 అడుగుల అవతల పడుతుంది. ఆమెకు కనిపించేది ముందువారి తలలూ, ఫొటోగ్రాఫరు వీపూ. అదే 120 మందిని వధూవరుల చుట్టూ అర్ధవృత్తాలుగా కూర్చోబెట్టి చూడండి. కుర్చీకి 2 అడుగులు అనుకుంటే, 10 అడుగుల వ్యాసార్ధంలో 15 కుర్చీలు, 13 అడుగుల దగ్గర 20, 16 దగ్గర 25, 19 దగ్గర 29, 22 దగ్గర 34, అంటే మొత్తం 123 పడతాయి. నడిమి దారి కోసం వరుసకు రెండేసి తీసేస్తే 113 మిగులుతాయి. తక్కిన ఏడుగురు ఎలాగూ మండపంలో పీటల మీద ఉండే తల్లిదండ్రులూ, మేనమామలూ, కన్యాదానం చూసుకునే పెద్దలే. ఇప్పుడు అదే పెద్దమ్మ 22 అడుగుల దూరంలో ఉంది. ఒక్క పువ్వు కూడా కొనకుండానే హాలు సగం చిన్నదైనట్టు అనిపిస్తుంది. ఈ లెక్కను చదివి వదిలేయకుండా మీ కాగితం మీద ఒకసారి గీసి చూడమని గట్టిగా కోరుతున్నాను.

ఇక మండపం ఎత్తు. కప్పు 30 అడుగుల ఎత్తున ఉన్నప్పుడు 18 అడుగుల మండపం కట్టాలన్న ఆశ పుడుతుంది, కానీ అది కప్పును అందుకోనూ లేదు, పీటల మీది మనుషులను పెద్దగా చూపించనూ లేదు. కుర్చీలో కూర్చున్నవారి కన్ను నేల నుంచి సుమారు 4 అడుగుల ఎత్తున, పీట మీద కూర్చున్నవారిది సుమారు రెండున్నర అడుగుల ఎత్తున ఉంటుంది. మీ ఖరీదైన వస్తువులన్నీ ఆ ఎత్తుల దగ్గరే ఉండాలి. 9 అడుగుల మండపం చాలు; దాని స్తంభాలకు పెంబర్తి ఇత్తడి రేకు పనితనాన్ని తొడిగితే, నగిషీ దగ్గర నుంచి చూసేవారికి తెలుస్తుంది. మండపాన్ని సరిగ్గా షాండ్లియరు కింద మాత్రం పెట్టకండి. నడినెత్తి మీద నుంచి పడే వెలుతురు కళ్ల కింద నీడలు వేస్తుంది. హోమం పొగ పైకి వెళ్లి ఆ స్ఫటికాలనే పట్టుకుంటుంది.

గోడలను ముట్టుకోకూడదు. ఇది నేను నష్టపోయి నేర్చుకున్న విషయం. తొలినాళ్లలో ఒక పాత దివాణంలో మామిడాకుల తోరణం జారిపోతోందని స్తంభానికి టేపు అంటించాను. మర్నాడు దానిని పీకినప్పుడు అరచేయంత పెచ్చు, రంగుతో సహా, టేపు వెంట ఊడి వచ్చింది. డంగుసున్నంతో చేసిన ఆ నునుపు పూత తిరిగి వేయగల మేస్త్రీ దొరకడానికి నెలలు పట్టింది, ఆ మచ్చ నాకు ఇప్పటికీ కళ్ల ముందు కనిపిస్తుంది. అప్పటి నుంచి మేకు, టేపు, జిగురు మూడింటినీ మానేశాను. తమంతట తాము నిలబడే ఇనుప చట్రాలకు అడుగున గోనెపట్టా చుట్టి, ఇసుక మూటలతో బరువు పెట్టండి. పాలరాయి పసుపును పీల్చుకుంటుంది, నిమ్మరసం దాని మెరుపును తినేస్తుంది. కనుక కలశాల కింద, కుందుల కింద అంచులున్న ఇత్తడి పళ్లేలు తప్పనిసరి.

పెళ్లి మొత్తంలో అత్యంత ఆంతరంగికమైన వస్తువు అడ్డుతెర. జీలకర్ర, బెల్లం పెట్టే ఘడియలో అందరి చూపూ దాని మీదే ఉంటుంది, అయినా చాలామంది అద్దెకు తెచ్చిన తళుకుల గుడ్డతో సరిపెడతారు. అమ్మాయి అమ్మమ్మ బీరువాలో గద్వాల చీర ఉందేమో అడగండి. దాని ఒడలు నూలు, అంచు పట్టు. నూలు బిగువు వల్ల పట్టుకున్నవారి వేళ్ల మధ్య జారదు. ఐదున్నర మీటర్ల చీరను నాలుగు మడతలు వేస్తే సుమారు నాలుగున్నర అడుగుల పొడవు, నాలుగు అడుగుల ఎత్తు గల తెర వస్తుంది. పీటల మీది ఇద్దరినీ పూర్తిగా దాచడానికి అది సరిపోతుంది. జరీ అంచును నేల వైపు కాక పైవైపు ఉంచండి. తెర దించుతున్నప్పుడు మొదట ఆ అంచు, దాని వెనుక కళ్లు కనిపించడం ఒక్కసారి చూసినవారు మరచిపోరు.

పువ్వుల విషయంలో ఒక్క మాటే. రాత్రి ముహూర్తానికి విచ్చిన మల్లెలు కొనకండి. తెల్లవారుజామున గుడిమల్కాపూర్ మార్కెట్టులో బిగుతైన మొగ్గలు తీసుకుని, మాల కట్టించి, తడిగుడ్డలో చుట్టి నీడలో ఉంచండి. చీకటి పడ్డాక మొదటి రెండు వరుసల కుర్చీల చేతులకు, నడిమి దారి పక్కన నడుము ఎత్తున కట్టండి. అతిథులు కూర్చున్న తరువాత, వారి పక్కనే విచ్చుకుంటాయి. బంతి, చామంతి గుమ్మం దగ్గరే ఆగిపోవాలి.

అభ్యాసం: మీ హాలు వెడల్పు 36 అడుగులే అనుకోండి. 22 అడుగుల వ్యాసార్ధపు అర్ధవృత్తానికి 44 అడుగులు కావాలి కనుక చివరి వరుసలు గోడలకు తగులుతాయి. మండపాన్ని జరపకుండా, ఎవరినీ 25 అడుగుల కంటే దూరం పంపకుండా అదే 113 కుర్చీలను ఎలా అమరుస్తారో మూడు రకాలుగా గీసి ఉంచండి. వచ్చే పాఠంలో వాటి మీదే దీపాల స్థానాలు గుర్తిద్దాం.