రెండుసార్లు వేగాల్సిన అరటికాయ

మా అక్క కొడుకు సరుకు ఓడల మీద పనిచేస్తాడు. ఒకసారి సెలవుకొచ్చినప్పుడు నేను వేయించిన పచ్చి అరటికాయ ముక్క నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలి, "పిన్నీ, ఇది అరటికాయా, తోలు ముక్కా?" అన్నాడు. కోపమొచ్చింది కానీ వాడన్నదాంట్లో అబద్ధం లేదు. అప్పట్లో నేను చక్రాల్లా తరిగి ఒకేసారి నూనెలో వేసి ఎర్రగా తీసేసేదాన్ని. పైన రంగొచ్చేది, లోపల బిరుసుగా ఉండేది, పది నిమిషాలయ్యేసరికి మొత్తం సాగిపోయేది.

ఓడ పనామాలో ఆగినప్పుడు తాను తిన్నవాటి సంగతి వాడే చెప్పాడు. అక్కడా, కొలంబియా, ఈక్వెడార్‌లలోనూ వాటిని పతకోనెస్ అంటారు. క్యూబా, ప్యూర్టోరికో, డొమినికన్ రిపబ్లిక్‌లలో తొస్తోనెస్. హైతీ వాళ్లు బనాన్ పెజే అంటారు, అంటే అదిమిన అరటి అని. పేరు ఏదైనా పని ఒకటే: ముక్కను ఒకసారి మెత్తబడేదాకా వేయించి, తీసి అదిమి, మళ్లీ వేయించడం.

నేను బట్టలు కుట్టేదాన్ని కాబట్టి ఇది నాకు వెంటనే తలకెక్కింది. జాకెట్టుకి చెయ్యి అతికేముందు కచ్చా కుట్టు వేసుకుంటాం. అది పైకి కనిపించడానికి కాదు, అసలు కుట్టు సరిగ్గా పడడానికి. మొదటిసారి వేయించడం కూడా అలాంటిదే. ఆ దశలో కరకర కోసం చూస్తే రెండూ చెడతాయి.

కాయ రాయిలా గట్టిగా, తొక్క నిండా పచ్చగా ఉండాలి. ఎక్కడైనా పసుపు చార కనిపిస్తే దాన్ని ఇంకో వంటకి వాడుకోండి. పండేకొద్దీ కాయలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. చక్కెర నూనెలో తొందరగా నల్లబడుతుంది, లోపలి తడి పోకముందే ముక్క మాడినట్టవుతుంది. నలుగురికి నాలుగు పెద్ద కాయలు సరిపోతాయి. కాయకి ఏడెనిమిది ముక్కలొస్తాయి.

తొక్క తీయడం దగ్గరే చాలామంది విసుక్కుంటారు. నాకైతే ఇది విసుగు కాదు, భయం. ఒకరోజు పొద్దున్నే కాయలు ఒలిచి, చేతులు ఊరికే నీళ్లతో కడుక్కుని, ఒక పెళ్లికూతురి తెల్ల పట్టు జాకెట్టు మిషన్ మీద పెట్టాను. అరటి కర తడిగా ఉన్నప్పుడు కనిపించదు, ఆరాకే గోధుమరంగులోకి తిరుగుతుంది. సాయంత్రానికి ముందు భాగం మీద రెండు వేలిముద్రలు తేలాయి. ఎంత ఉతికినా పోలేదు. ఆ ముక్క మొత్తం మార్చి, గుడ్డ ఖర్చు నేనే పెట్టుకున్నాను. అప్పటినుంచీ అరటికాయ ముట్టుకునేముందు అరచేతులకీ చాకుకీ నూనె రాసుకోవడం నా నియమం. పాత బట్టలు కట్టుకోవడం కూడా.

కాయ రెండు చివరలూ కోసేయండి. తొక్క మీద నిలువుగా గట్టుల్లా ఉంటాయి కదా, వాటి వెంట చాకు మొనతో తొక్క మందం మటుకే గీయండి. గుజ్జులోకి దిగనివ్వద్దు. ఉప్పు వేసిన నీళ్లలో పది నిమిషాలు ఉంచాక, గీత కింద బొటనవేలు దూర్చి తొక్కను పక్కకి లేపుతూ రండి. పండును ఒలిచినట్టు పైనుంచి కిందకి లాగితే తునాతునకలై చేతిలోకొస్తుంది. మొండికేస్తే నీళ్లలోనే ఉంచి ఒలవండి, కర కూడా తగ్గుతుంది. గుజ్జుకి అంటుకున్న పచ్చటి నారలు చాకుతో గీకేయాలి, లేకపోతే తినేటప్పుడు పంటికి తగులుతాయి.

ఇక తరగడం. అంగుళం మందం. నేను మొదట్లో టేపు పెట్టి కొలిచాను, మా ఆయన ఇప్పటికీ ఆ మాట ఎత్తి నవ్వుతాడు. కానీ ముక్కలన్నీ ఒకే మందంలో లేకపోతే కొన్ని మెత్తబడేసరికి కొన్ని మాడతాయి. తరిగిన ముక్కలు నల్లబడకుండా మళ్లీ ఉప్పునీళ్లలో వేసి, వేయించేముందు పొడి గుడ్డతో ఒక్కో ముక్కా తుడవండి.

దళసరి బాణలిలో రెండు అంగుళాల లోతు నూనె పోయండి. వేరుశనగ నూనెగానీ పొద్దుతిరుగుడు నూనెగానీ బాగుంటుంది. బాణలి సగానికి మించి నిండకూడదు. మొదటి విడతకి సెగ మధ్యస్థంగా ఉండాలి. థర్మామీటర్ ఉంటే 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర చూసుకోండి. లేకపోతే ఒక ముక్క వేసి చూడండి: చుట్టూ బుడగలు నెమ్మదిగా, తెరిపి లేకుండా వస్తుంటే చాలు. భగ్గున నురగ లేస్తే సెగ ఎక్కువైనట్టు. వాయికి ఎనిమిది ముక్కలకి మించి వేయొద్దు, నూనె చల్లబడి ముక్క నూనె తాగుతుంది. తిప్పుతూ ఐదారు నిమిషాలు వేయించాలి. లేత పసుపు రంగు రావాలి, ఎరుపు రాకూడదు. చాకు మొన గుచ్చితే ఉడికిన దుంపలోకి దిగినట్టు దిగాలి. ఈ సెగలో లోపలి పిండిపదార్థం ముక్కలోని తడినే పీల్చుకుని ఉబ్బి మెత్తబడుతుంది. అలా మెత్తబడితేనే అదమడానికి వీలవుతుంది.

తీసిన ముక్కల్ని ఒకటి రెండు నిమిషాలు వదిలేయండి. పొగలు కక్కుతుండగానే అదిమితే ముద్దై అంటుకుంటుంది. పూర్తిగా చల్లారితే అంచులు పగిలి రెండు మూడు ముక్కలవుతుంది. చెయ్యి పెట్టి ఓర్చుకోగలిగేంత వేడి ఉన్నప్పుడు అదమాలి. పతకోనెస్ చేసేచోట్ల దీనికోసం మడతబందు ఉన్న రెండు చెక్క పలకలు వాడతారు. నా దగ్గర అవి లేవు. పాత బొగ్గుల ఇస్త్రీపెట్టె ఒకటుంది. నవ్వకండి, దానికున్న బరువు ఇంట్లో మరే వస్తువుకీ లేదు. ముక్క కిందా పైనా నూనె రాసిన బటర్ పేపర్ పెట్టి, ఖాళీ ఇస్త్రీపెట్టెను దాని మీద నిలువుగా దింపి ఒక్కసారి నొక్కుతాను. అడుగు చదునుగా ఉన్న బరువైన గిన్నె అయినా చాలు. పక్కలకి రుద్దకుండా తిన్నగా నొక్కండి.

ఎంత పల్చన? రెండు కోటు బొత్తాలు ఒకదానిమీద ఒకటి పెడితే ఉండేంత. ఇంకా పల్చనైతే లోపల మెత్తదనం మిగలదు, నూనె కూడా ఎక్కువ పడుతుంది. మందమైతే మధ్యలో పిండిముద్దలా ఉండిపోతుంది. అంచులు చీలికలు చీలికలుగా వస్తే కత్తిరించి సరిచేయకండి. బట్ట అంచు పోగులు లేస్తే నా ప్రాణం ఒప్పుకోదు కానీ, ఇక్కడ ముందుగా కరకరలాడేది ఆ చీలికలే.

ఆ తర్వాత ఉప్పు వెల్లుల్లి నీళ్లు. పావు లీటరు నీళ్లలో చెంచా ఉప్పు, నలగ్గొట్టిన మూడు వెల్లుల్లి రెబ్బలు వేసి ముందే పెట్టుకోండి. అదిమిన ముక్కను ముంచి వెంటనే తీసేయాలి, నానబెట్టకూడదు. పైన చల్లిన ఉప్పు రాలిపోతుంది, ఇది లోపలికి పడుతుంది. మొదటిసారి నేను నీళ్లు కారుతున్న ముక్కను అలాగే నూనెలోకి జారవిడిచాను. నూనె చిమ్మి మోచేతి కింద రెండు బొబ్బలు లేచాయి. కాబట్టి ముంచినవాటిని గుడ్డ మీద పరిచి రెండు నిమిషాలు ఆగి, పైన కూడా అద్ది, అప్పుడే వేయండి. ధైర్యం చాలకపోతే ఈ మెట్టు వదిలేయండి, కరకరకి లోటేమీ రాదు. బాణలికి సరిపడే మూత మాత్రం పక్కన పెట్టుకోండి. ఎప్పుడైనా నూనె అంటుకుంటే స్టవ్ ఆపి మూత పెట్టేయాలి, నీళ్లు పోయకూడదు.

రెండో విడతకి సెగ పెంచి నూనెను 185 డిగ్రీల దాకా కాగనివ్వండి. ఈసారి వాయికి నాలుగైదే. రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది, అందుకని పక్కకి వెళ్లొద్దు. నేను రంగుకంటే చెవినే నమ్ముతాను. వేసినప్పుడు గట్టిగా చిటపటలాడి, పై పొరలో తడి పోయేకొద్దీ చప్పుడు సన్నగిల్లుతుంది. బుడగలు పలచబడి, జల్లిగరిటెకి తగిలితే గలగలమనాలి. అప్పటికి బంగారు రంగు వచ్చేసి ఉంటుంది.

తీసినవాటిని కాగితం మీద గుట్టగా పోయకండి. కింద ఆవిరి చేరి మళ్లీ మెత్తబడతాయి. గాలి తగిలేలా జల్లెడ బోర్లించి దాని మీద విడివిడిగా పెడతాను. వేడి మీద ఉండగానే చిటికెడు ఉప్పు. నిమ్మరసం పిండాలనుకుంటే తినే క్షణంలో పిండుకోండి. పావుగంటలోపు తినేస్తేనే వీటి రుచి. ఎయిర్ ఫ్రయర్‌లోనూ చేసి చూశాను, రెండో విడతకి మాత్రం. ముక్కకి నూనె రాసి పెట్టాను. తినొచ్చు, కానీ కరకర కంటే ఎండుదనమే ఎక్కువ.

పనిరోజుల్లో ఇంత తతంగం నాకూ కుదరదు. అందుకే తీరికున్నప్పుడు ఎనిమిది కాయలు మొదటి విడత వేయించి, అదిమి, వెల్లుల్లి నీళ్లలో ముంచకుండానే పళ్లెంలో విడివిడిగా పరిచి డీప్ ఫ్రీజర్‌లో పెడతాను. గట్టిపడ్డాక సంచిలో వేసి మూతి బిగిస్తాను. నెలదాకా వాడుకుంటాం. కరగనివ్వక్కర్లేదు. పైనున్న మంచు పొడిని దులిపేసి, మూడేసి ముక్కలు చొప్పున నేరుగా కాగిన నూనెలో వేయడమే, నిమిషం ఎక్కువ పడుతుంది. మొన్న మా అక్క కొడుకు చెప్పకుండా ఊడిపడితే ఆ సంచే ఆదుకుంది. పన్నెండు ముక్కలు తిన్నాడు. వెల్లుల్లి వాసన తక్కువైందన్నాడు.