కుక్కకి, పిల్లికి మన కూడే పెడుతున్నారా? అయితే పోపు వెయ్యకముందే పక్కకి తియ్యండి

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు డాగ్ ఫుడ్ ప్యాకెట్లు కొనేవాళ్లు ఇప్పుడిప్పుడే పెరుగుతున్నారు గానీ చాలా ఇళ్లల్లో ఇప్పటికీ మధ్యాహ్నం మనం తిన్నాక మిగిలిన అన్నంలో ఇంత పులుసో చారో పప్పో కలిపి పెట్టడమే కదా, ఇంటి కూడు పెట్టడం తప్పని నేను అనను. కానీ ఎవర్ని అడిగినా చాక్లెట్ పెట్టొద్దు అని ఒక్కటే చెప్తారు, మన కుక్కకి చాక్లెట్ దొరికేది ఎప్పుడో పుట్టినరోజులకి, ఉల్లిపాయ మాత్రం రోజూ కడుపులోకి వెళ్తోంది. అందుకే నేను వంటింటి నుంచే మొదలెడతాను.

ఉల్లిపాయ, వెల్లుల్లి రెండూ కుక్కకీ పిల్లికీ రక్తంలో ఎర్ర కణాల్ని పాడు చేస్తాయి, ఆ కణాలు పగిలిపోయి రక్తం తగ్గిపోద్ది. పచ్చిది అయినా, వేయించినా, పులుసులో ఉడికినా, మసాలా పొడిలో ఉన్నా అంతే. ముక్కలు ఏరేశాను కదా అంటారు చాలామంది, సారం గ్రేవీలోకి దిగిపోయాక ముక్కలు ఏరి లాభం ఏటి? పచ్చి ఉల్లిపాయ అయితే కుక్కకి ఒంటి బరువు కేజీకి 15 నుంచి 30 గ్రాములు, పిల్లికి కేజీకి 5 గ్రాములే చాలు చెడు చెయ్యడానికి, అంటే 3 కేజీల పిల్లికి 15 గ్రాములు, చిన్న ఉల్లిపాయలో సగం కూడా కాదు. ఒక్కసారే అంత తినక్కర్లేదు, రోజూ కొంచెం కొంచెం వెళ్లినా పేరుకుంటుంది. పైగా తిన్న రోజు ఏమీ తెలీదు, కొన్ని రోజులు పోయాక నీరసం, ఆయాసం, ఎర్రగానో టీ డికాక్షన్ రంగులోనో మూత్రం, అప్పుడు ఎండ దెబ్బ అనుకుంటారు.

ఇక్కడ ఒక పని నేర్చుకోండి, ఇప్పుడే మీ కుక్క బాగున్నప్పుడే చెయ్యండి. పై పెదవి మెల్లగా పైకెత్తి కోరపన్ను పైన చిగురు చూడండి, లేత గులాబీ రంగులో తడిగా ఉండాలి. వేలితో ఒకసారి నొక్కి వదిలితే అక్కడ తెల్లబడి, రెండు సెకండ్ల లోపు మళ్లీ రంగు రావాలి. కొన్ని కుక్కలకి చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి, వాటికి కింది కనురెప్ప లోపల చూడాలి. మామూలప్పుడు ఎలా ఉంటుందో తెలిస్తేనే పాలిపోయినప్పుడు కనిపెట్టగలం.

రెండోది చింతపండు, దీని గురించి మనవాళ్లకి చెప్పేవాళ్లే లేరు. ద్రాక్ష, కిస్మిస్ తింటే కుక్కలకి కిడ్నీలు పోతాయని ఎప్పట్నుంచో తెలుసు గానీ ఎందుకో తెలిసేది కాదు, 2021లో అమెరికాలో జంతువుల విషాల మీద పని చేసే డాక్టర్లు అందులో ఉండే టార్టారిక్ యాసిడ్ కారణం అయ్యుంటుందని చెప్పారు. చింతపండులో పులుపు కూడా చాలావరకు అదే, చింతపండు తిన్న కుక్కలకి కిడ్నీలు దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. కాబట్టి పులిహోర, పులుసన్నం, చారన్నం కుక్కకి మానెయ్యండి. పాయసం, కేసరి, క్రిస్మస్ కేకు ఇలా కిస్మిస్ ఉన్నవేవీ వద్దు, ఇన్ని తింటే పర్లేదు అనే లెక్క కిస్మిస్‌కి లేదు, ఒక కుక్క గుప్పెడు తిని తట్టుకుంటుంది, ఇంకోటి నాలుగు తిని పడిపోతుంది.

మరేం పెట్టాలి అంటే చాలా సింపుల్, పప్పు ఉడికాక ఉప్పు, పులుపు, పోపు ఏదీ వెయ్యకముందే దాని వాటా ఒక గిన్నెలోకి తీసెయ్యండి. చికెన్ తెచ్చిన రోజు మసాలా పట్టించకముందే నాలుగు ముక్కలు వేరేగా నీళ్లలో ఉడికించి ఎముక తీసి అన్నంలో కలపండి. ఉడికించిన గుడ్డు, గుమ్మడికాయ, క్యారెట్ పర్లేదు. ఉడికిన ఎముకలు మాత్రం వద్దే వద్దు, సూదుల్లా చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి, మామిడి టెంక, మొక్కజొన్న కండె మింగితే పేగుకి అడ్డం పడి ఆపరేషన్ దాకా వెళ్తాయి.

సముద్రం పక్క ఊళ్లల్లో ఉప్పు పట్టించిన ఎండుచేపలు ఆరబెట్టిన చోట కుక్కలు, పిల్లులు తిరుగుతాయి, ఆ ఉప్పు ఎక్కువైతే వాంతులు, దాహం, తర్వాత ఫిట్స్ కూడా. పలాస, ఉద్దానం వైపు వాళ్లకి పచ్చి జీడిపిక్క పెంకులో నూనె చేతులు ఎలా కాలుస్తుందో నేను చెప్పక్కర్లేదు, కుక్కపిల్ల కొరికితే నోరూ అలాగే కాలిపోద్ది, పిక్కలు ఆరబెట్టినన్నాళ్లూ కట్టెయ్యండి.

చాక్లెట్ సంగతి, 10 కేజీల కుక్కకి మిల్క్ చాక్లెట్ 100 గ్రాములు తింటే వాంతులు, గుండె దడ మొదలవ్వొచ్చు, డార్క్ అయితే అందులో మూడో వంతు కూడా చాలు. కాఫీ పొడి, టీ పిప్పి కూడా అదే దారి. అన్నిటికంటే త్వరగా పడేసేది జైలిటాల్, అంటే పంచదార బదులు తీపి కోసం వేసేది, షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్, కొన్ని పీనట్ బటర్లలో ఉంటుంది, కుక్కకి అరగంటలోనే షుగర్ పడిపోయి తూలిపోద్ది, తర్వాత లివర్ పోవచ్చు. ప్యాకెట్ వెనక పదార్థాల దగ్గర ఆ పేరు లేకపోయినా 967 అనే అంకె ఉందేమో చూడండి. ఇంకోటి తిండి కాదు గానీ చెప్పాలి, పిల్లికి ఒళ్లు వెచ్చగా ఉందని పారాసిటమాల్ వెయ్యకండి, ఒక్క బిళ్లకే చచ్చిపోద్ది.

పైడితల్లమ్మ సిరిమానుకో సంక్రాంతికో చుట్టాలు దిగినప్పుడు ఇంకా జాగ్రత్త, పిల్లలు ప్రేమగా తలో ముక్కా పెట్టేస్తారు, వచ్చిన రోజే చెప్పెయ్యండి, పిన్నీ దానికి మేమే పెడతాం అని.

తినేసింది అని తెలిస్తే ఉప్పునీళ్లు పొయ్యకండి, చింతపండు నీళ్లు అసలే వద్దు, నూనె, పాలు కూడా. ఏం తింది, ఎంత, ఎన్నింటికి, దాని బరువెంత, ఈ నాలుగూ చెప్తే డాక్టరు పని సులువవుద్ది, రేపర్ కూడా పట్టుకెళ్లండి. బరువు తెలీకపోతే ఎత్తుకుని మెషీన్ ఎక్కి మీ బరువు తీసెయ్యండి. తిన్న గంట రెండు గంటల్లోపు వెళ్తే ఇంజెక్షన్ ఇచ్చి కక్కించగలరు, అందుకే లక్షణాలు వచ్చాక చూద్దాం అనుకోవద్దు. విజయనగరం జిల్లా వాళ్లకి గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది, మిగతావాళ్లు దగ్గర్లో కుక్కల్ని చూసే డాక్టరు ఎవరో, రాత్రిపూట ఫోన్ ఎత్తేది ఎవరో ఈ వారంలోనే కనుక్కుని నంబర్ ఫ్రిజ్ మీద అంటించండి. ద్రాక్షో కిస్మిసో చింతపండో తిన్న కుక్క మర్నాడు తోక ఊపుతున్నా సరే కిడ్నీ టెస్ట్ చేయించండి, మూడు రోజుల వరకు మూత్రం పోస్తోందో లేదో గమనిస్తూ ఉండండి, తగ్గిందంటే వెంటనే మళ్లీ తీసుకెళ్లాలి.