రాచకొండ కోట గోడను చదవాలంటే అతుకుల దగ్గర మొదలుపెట్టండి

రాచకొండకు పోయినవాళ్లు చాలామంది గబగబా పైకెక్కి, నాలుగు ఫొటోలు తీసుకుని దిగొస్తారు. కోట సంగతి తెలియాలంటే కింది ద్వారం దగ్గరే గంటసేపు ఆగాలి. 1323లో కాకతీయుల ఓరుగల్లు పడిపోయాక రేచర్ల పద్మనాయక రాజులు రాజధాని చేసుకున్న చోటిది. ఒకప్పుడు నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరిలోని సంస్థాన్ నారాయణపురం మండలం. పోలీస్ కమిషనరేట్ పేరుగానే ఎరిగినవాళ్లు ఎక్కువ!

5 మీటర్ల టేపు, దిక్సూచి, టార్చి, గళ్ల నోట్‌బుక్, మనిషికి 3 లీటర్ల నీళ్లు ఉంటే చాలు. ఎండాకాలం వద్దు.

ముందు రాళ్ల మధ్య వేలు పెట్టి చూడండి. పాత గోడలో సున్నం తగలదు. గ్రానైట్ బండలు తమ బరువుతోనే నిలబడ్డాయి, సందుల్లో చిన్న రాళ్లు బిగించారు. ఇన్ని వందల ఏళ్లు నిలిచింది ఆ సందుల వల్లే. వాననీరు గోడ వెనక ఆగకుండా బయటికి జారిపోతుంది. సిమెంటుతో మూస్తే నీళ్లు లోపలే చిక్కి, మట్టి నానిపోయి, గోడకు పొట్ట వస్తుంది. అలాంటి గోడ కింద నిలబడొద్దు. సందులో మొలిచిన రావి మొక్కనూ పీకొద్దు, వేరుతోపాటు రాళ్లూ వస్తాయి.

బండ అంచున వరసగా చిన్న గుంటలు కనిపిస్తే, చీలలు దిగ్గొట్టి రాయిని చీల్చిన గుర్తులవి. రాతి మీద సున్నం, ఇటుకలు ఉంటే సాధారణంగా తర్వాతి మరమ్మతు. రెండింటినీ ఒకే కాలానికి కట్టేయడమే ఎక్కువమంది చేసే పొరపాటు.

ద్వారంలో నిలువు స్తంభాలు, పైదూలం ఒక్కొక్కటీ ఏకరాయి. వాటి ఎత్తు, వెడల్పు కొలవండి. తలుపు తిరిగిన గుండ్రటి గుంటలు, అడ్డగడియ దూర్చిన రంధ్రాలు వెతకండి. తలుపు ఎటు తెరుచుకునేదో, కావలి ఏ వైపు నిలిచేదో వాటితోనే తేలుతుంది.

శాసనం కనిపిస్తే సుద్దముక్క, ఇనుప బ్రష్షు ముట్టించొద్దు. పొద్దునో సాయంత్రమో ఏటవాలు ఎండలో, లేదా టార్చిని రాతికి ఆనించినట్టు పక్కనుంచి వేసి, పక్కన స్కేలు పెట్టి, ఎదురుగా నిలబడి ఫొటో తీయండి. కాగితం అద్ది అచ్చు తీయడం హెరిటేజ్ శాఖ అనుమతి ఉన్నవాళ్ల పని.

గుప్తనిధుల కోసం ఎవరో తవ్విన గుంట ఎదురైతే పూడ్చొద్దు, మట్టి పొరల ఆనవాళ్లు కలిసిపోతాయి. ఫొటో తీసి, లొకేషన్ రాసుకుని, పోలీసులకు, హెరిటేజ్ శాఖకు చెప్పండి.